పచ్చ మూడు చుక్కలు

ఇంకో గంట. గంటలో ఆరిపోతుంది, ఆరితే తెలిసిపోతుంది, తెలిసేదాకా ఈ ముక్కాలి పీట మీద కూర్చుని కారు ఎడమవైపు వెనక తలుపు వంక చూడకుండా ఉండాలి, చూస్తే వేలు పెట్టాలనిపిస్తుంది, వేలు పెడితే పొద్దుటినుంచి పడ్డ పాటంతా బూడిదపాలే. తడిగా ఉన్నప్పుడు ఏ రంగూ తన అసలు మొహం చూపించదని మా మేస్త్రి, అంటే కార్లకి రంగులేసిన మా ఆయన, నాకు ముప్పై ఏళ్ళు చెప్పాడు, చెప్పిందే చెప్పి నన్ను చంపాడు, నేను వినడం లేదనుకుని ఇంకోసారి చెప్పాడు. ఇప్పుడు తలుపు మీద జానెడు పొడవున పాలిపోయిన నీలం గీత ఒకటి ఉంది, దాని చుట్టూ ఎనిమిదేళ్ళ కిందటి నీలం ఉంది, ఆరేకొద్దీ ఈ గీత ముదరాలి, ముదిరి ముదిరి పక్కదానిలో కలిసిపోవాలి. కలిసిందా, నా బుర్ర బాగానే ఉన్నట్టు. కలవలేదా, మా అమ్మ బుర్ర నాకు వచ్చినట్టు. నాతో నేను ఇలా పందెం కాయడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు, పది లెక్కపెట్టేలోగా బస్సు వస్తే పరీక్ష పాసవుతానని అనుకునేదాన్ని, బస్సు రాకపోతే పదిహేను దాకా లెక్కపెట్టేదాన్ని. ఈ పందెంలో అలా లెక్క పొడిగించుకునే వీలు లేదు.

గీతను చూసింది ఈ పొద్దున. నిన్న కారు కడిగింది నేనే, వేడినీళ్ళతో, సబ్బు నురగతో, వంటింటి గిన్నెలు తోమినంత గట్టిగా, అయినా నిన్న సాయంత్రం వెలుతురు పోయాక కడిగాను కాబట్టి ఏమీ కనబడలేదు. ఈ పొద్దున జడ్జిగారు పనికి వెళ్ళాక షట్టరు పైకెత్తితే ఎండ తిన్నగా వచ్చి ఆ తలుపు మీద పడింది, అక్కడ తెల్లగా గీత. జడ్జిగారంటే మా అమ్మాయే, చేసేది మందుల షాపులో ఉద్యోగం గాని తీర్పులు మాత్రం మూడో ఏటినుంచి చెబుతోంది, వాళ్ళ నాన్న పెట్టిన పేరు, ముప్పై నాలుగేళ్ళు వచ్చినా ఊడలేదు. కారు నడిపేది మేమిద్దరమే, అదీ ఎప్పుడో గాని బస్సు వదిలి కారు ముట్టుకోదు ఆ పిల్ల. నేనే, గురువారం నాడు నేనే తీసుకెళ్ళాను. అంటే గీసింది నేను. గీసినట్టు నాకు తెలియదు. గీత పడ్డందుకు కాదు నేను భయపడింది, గీతలదేముంది, గీతల మీదే కదా ఈ ఇల్లు ముప్పై ఏళ్ళు బతికింది, ఊళ్ళో వాళ్ళ గీతలన్నీ ఈ షెడ్డులోకే వచ్చేవి. జానెడు పొడవున ఇనుము దాకా చెక్కుకుపోతే ఎంత చప్పుడు అవుతుంది, ఒళ్ళు జలదరించే చప్పుడు, అది నా చెవిన పడకుండా ఎలా పోయింది, పడి ఉంటే బుర్రలోంచి ఎలా పోయింది.

గురువారాన్ని పొద్దుటినుంచి దువ్వుతున్నాను, చిక్కు తీస్తున్నట్టు, కొసనుంచి మొదలు దాకా. తొమ్మిదిన్నరకి బయల్దేరాను, గేటు దగ్గర పక్కింటి కుక్క పడుకుని ఉంటే హారను కొట్టాను, అది లేవలేదు, దిగి బతిమాలాను. అద్దాల షాపులో మేస్త్రి ఫొటోకి పగిలిన అద్దం మార్పించాను, షాపువాడు ఫొటో చూసి ఎవరండీ అన్నాడు, మా ఆయన అన్నాను, మీసం బాగుంది అన్నాడు. అక్కణ్ణుంచి ఇనప సామాన్ల షాపు, కుళాయికి వేసే రబ్బరు వాచరు కావాలి, కుళాయి పదిరోజులుగా కారుతోంది. షాపు వెనక కార్లు పెట్టుకునే చోటు ఇరుకు, పక్కన సిమెంటు దిమ్మెలు. అక్కడ కారు పెట్టాను. ఎలా పెట్టాను? ముందుకు పోనిచ్చానా, వెనక్కి తిప్పానా? అక్కడ చిన్న ఖాళీ, నాలుగు నిమిషాల ఖాళీ. వాచరు మటుకు కొన్నాను, ఇంట్లో ఉంది. వాచరు గుర్తుంది, కుక్క గుర్తుంది, మీసం గుర్తుంది, దిమ్మె గుర్తులేదు. మామూలు రోజైతే కారు ఎలా పెట్టానో ఎవరికి గుర్తుంటుంది అని నవ్వేసేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడంలేదు.

మా అమ్మ చొక్కాకి మూడు చేతులు కుట్టింది. మొదలైంది అక్కడే. మా అమ్మ మిషను కుట్టేది, వీధి మొత్తానికి చొక్కాలు, పిల్లల గౌన్లు, ఆమె కుట్టిన కాలరు ఉతికి ఉతికి చొక్కా పోయినా కాలరు పోదని పేరు. ఒకరోజు పోస్టుమాను చొక్కాకి కుడిచెయ్యి కుట్టింది, ఎడమచెయ్యి కుట్టింది, మిగిలిన గుడ్డతో ఇంకో చెయ్యి కత్తిరించి కుట్టి మడతపెట్టి ఇచ్చేసింది. అతను ఇంటికెళ్ళి విప్పి చూసుకుని, తిరిగొచ్చి, నాకు ఉత్తరాలు పంచడానికి రెండు చేతులు చాలవని మీకెవరు చెప్పారమ్మా అన్నాడు. అందరం పడీపడీ నవ్వాం, అమ్మ కూడా నవ్వింది, అందరికంటే ఎక్కువ నవ్వింది, కళ్ళు మాత్రం ఆ మూడో చెయ్యి మీదే ఉన్నాయి. ఆ కళ్ళు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ తర్వాత ఆరేళ్ళకి నన్ను చూసి మర్యాదగా, మీరు ఎవరి అమ్మాయండీ అంది. చొక్కా కుట్టినప్పుడు అమ్మకి అరవై ఒకటి. నాకిప్పుడు అరవై ఒకటి, మీద మూడు నెలలు. మా అక్కచెల్లెళ్ళలో అమ్మ పోలిక ఎవరిది అంటే అందరూ నన్నే చూపిస్తారు, ముక్కూ చెవులూ అన్నీ అచ్చు దింపినట్టు, అవి వచ్చినప్పుడు సంబరపడ్డాను గాని వెనకాల ఇంకేం వస్తోందో ఎవరు చూశారు.

రెండు వారాల కిందట పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయాను. పాలు ఎవరు మర్చిపోరు చెప్పండి, పాలు పొంగడానికే పుట్టాయి. కానీ జడ్జిగారు మాడిన గిన్నెను సాక్ష్యంలాగా బల్ల మీద పెట్టి, అమ్మా, ఒకసారి డాక్టరుకి చూపించుకుందాం, అమ్మమ్మ సంగతి తెలుసు కదా, ఇంకోటి ఏదైనా అయితే కారు తాళాలు కూడా నాకు ఇచ్చెయ్యాలి, అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది, నోటికొచ్చింది అనేశాను, నీకు పాలు పట్టింది ఈ చేతులేనే అన్నాను, పాల గురించే మాట్లాడుతున్నామమ్మా అంది. రెండురోజులు మాటల్లేవు. కోపం ఎందుకొచ్చిందో నాకు తెలుసు, ఆ పిల్ల అన్నది నేను అప్పటికే నాలో నేను అనుకుంటున్నదే. ఇప్పుడు గీత సంగతి చెబితే ఏమవుతుంది? తాళాలు పోతాయి, అది ఒకటి. కానీ నేను గీశాను, గీసినట్టు గుర్తులేదు, అని ఆ పిల్ల మొహంలోకి చూస్తూ చెప్పాలి. ఆ మాట ఒకసారి బయటికి వచ్చిందంటే ఇక ఈ ఇంట్లో నేను ఏం చేసినా దాన్ని ఆ కళ్ళతోనే చూస్తుంది. అందుకే దొంగలాగా పూత పూస్తున్నాను, నా సొంత షెడ్డులో, పట్టపగలు.

చెయ్యి మటుకు ఏమీ మర్చిపోలేదు. అది ఆశ్చర్యం. మేస్త్రి పోయి ఆరేళ్ళయింది, కంప్రెసరూ రంగు చిమ్మే గన్నూ ఎవరికో ఇచ్చేశాం, అయినా తడిపి రుద్దే గరుకు కాగితం, నీళ్ళ కాగితం, చేతిలోకి రాగానే వేళ్ళు వాటంతటవే చెక్క ముక్కకి దాన్ని చుట్టేశాయి. గీత చుట్టూ పాత పేపర్లు, అంచులకి టేపు, బకెట్టులో నీళ్ళు. నీళ్ళు పోస్తూ రుద్దుతుంటే నీలంగా కారింది, ఆ నీలం నేల మీద పాకుతుంటే ఒక్క క్షణం ఇంట్లో మళ్ళీ పని ఉన్నట్టు, వెనకనుంచి ఇదిగో కాస్త చూసి రుద్దు అని ఎవరో అనబోతున్నట్టు. నేను రుద్దడంలో మేస్త్రి కంటే మెరుగు, ఆయనే ఒప్పుకునేవాడు, గన్ను పట్టడం ఆయనది, రుద్దడం నాది. రుద్దిన చోట నునుపు చూడటానికి మాత్రం ఇద్దరం కళ్ళు మూసుకునేవాళ్ళం, వేళ్ళ వెనకవైపుతో తడిమేవాళ్ళం, కళ్ళు తెరిచి ఉంటే వేళ్ళు సరిగ్గా పనిచెయ్యవు. ఈ రోజు కాగితం త్వరత్వరగా జిగురు పట్టేసింది, మూడు ముక్కలు మార్చాను, విసుక్కున్నాను, ఈ కాలపు కాగితాలు ఇంతే అనుకున్నాను. కళ్ళద్దాలు పెట్టుకోలేదు, నీళ్ళు చిమ్ముతాయని లోపల పెట్టాను. గుడ్డకి థిన్నరు తడిపి తుడిచాను, అడుగుపూతగా ప్రైమరు వేశాను, అది ఆరాక ఇంకోసారి తేలిగ్గా రుద్దాను. అప్పటిదాకా బాగానే ఉంది. అసలు గండం రంగు కలపడం దగ్గర వచ్చింది.

ఈ నీలం ఏ కొట్టులోనూ దొరకదు. మేస్త్రి తన చేత్తో కలిపిన ఆఖరి రంగు ఇది. అప్పటికే దగ్గు మొదలైంది, డాక్టరు గన్ను ముట్టుకోవద్దన్నాడు, చివరిసారి మన కారుకి వేసి మానేస్తానని ఆయన నన్ను బతిమాలాడు. పుట్టి బుద్ధెరిగాక నన్ను బతిమాలింది ఆ ఒక్కసారే. వానొచ్చే ముందు దూరాన కొండ మీద ఒక నీలం ఉంటుంది చూడు, అది కావాలి అన్నాడు, నాలుగు రోజులు కలిపాడు పారబోశాడు, కలిపాడు పారబోశాడు, అయిదోరోజు కుదిరింది. కుదిరాక కాగితం మీద రాసిపెట్టమంటే రాయలేదు, రాసుకుంటే చెయ్యి బద్ధకిస్తుందట, పైగా రాసింది పక్క షెడ్డువాడు చూస్తాడట. నాచేత వల్లె వేయించాడు. నీలం గిన్నెడు, నలుపు ఏడు, పచ్చ మూడు, ఎరుపు ఒకటి. చుక్కలు వెయ్యడానికి సైకిలు చక్రం ఊచ, ముంచి ఎత్తితే చివర ఒక్క చుక్కే నిలుస్తుంది. ఎరుపెందుకు నీలంలో అంటే, అది కనబడటానికి కాదు, అది లేకపోతే తెలుస్తుంది అన్నాడు. డబ్బాలన్నీ షెడ్డులో ఇంకా బోర్లించే ఉన్నాయి, బోర్లిస్తే గాలి చొరబడదు, మీగడ కట్టినా అడుగునే కడుతుంది. మూతలు తీస్తే లోపల రంగు బతికే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. నీలం పోశాను. నలుపు ఏడు వెయ్యబోయి ఆరు దగ్గర ఆపాను, కారు ఎనిమిదేళ్ళు ఎండలో వెలిసింది, కొత్త రంగు వేస్తే అతుకులాగా కనబడుతుంది, ఒక చుక్క తగ్గించాలి, ఇది ఆయన చెప్పింది కాదు, నా లెక్క. ఎంత తెలివిగా ఉన్నానో అని అప్పుడు నా మీద నాకే ముచ్చటేసింది. తర్వాత పచ్చ. పచ్చ మూడు. చెయ్యి డబ్బాల వైపు చాచాను, చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

రెండు డబ్బాలున్నాయి. ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపుపచ్చ. రెండూ పచ్చే. మేస్త్రి పచ్చ అన్నాడు. ఏ పచ్చ? ముప్పై ఏళ్ళ కాపురంలో ఆకునీ పచ్చ అన్నాం, పసుపునీ పచ్చ అన్నాం, ఏ పచ్చో ఎప్పుడూ అడుక్కోలేదు, ఎదురుగా డబ్బా ఉండేది, వేలు చూపించేవాడు, అందుకుని ఇచ్చేదాన్ని. ఇప్పుడు వేలు లేదు. నీలంలో పసుపు పడినా ఆకుపచ్చ వైపే మొగ్గుతుంది కాబట్టి బుద్ధి పెట్టి తేల్చుదామన్నా తేలదు, రెండూ నిజంలాగే ఉన్నాయి. నా నోట్లో ఆ పద్యం అంతా ఉంది, ఒక్క మాటకి మాత్రం అర్థం ఊడిపోయింది. అమ్మకీ ఇలాగే ఉండి ఉంటుందా, గుడ్డ చేతిలో ఉంది, కత్తెర చేతిలో ఉంది, రెండు చేతులా మూడు చేతులా అన్నది ఒక్కటే జారిపోయి. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చివరికి చెయ్యి దానంతటదే వెళ్ళి ఆకుపచ్చ డబ్బా మీద పడింది, పడనిచ్చాను. మూడు చుక్కలు. ఎరుపు ఒకటి. సన్న కుంచెతో గీతలో పలచగా రెండు పూతలు పూశాను, మధ్యలో ఆరనిచ్చి ఇది మూడోది, ఆఖరుది, ప్రైమరు కనబడకుండా కప్పేది ఇదే. తడిలో అన్నీ సరిపోయినట్టే ఉంటాయి, అన్నీ సరిపోనట్టే ఉంటాయి. అందుకే ఈ గంట.

ఎంతయింది, పదిహేను నిమిషాలు అయి ఉంటుంది. జడ్జిగారు శనివారాలు ఒంటిగంటకల్లా వచ్చేస్తుంది. ఇప్పుడు పన్నెండు దాటింది. వాచరు బిగించాలి. పీట కాలు ఒకటి పొట్టి, మేస్త్రి సరిచేస్తానని ఇరవై ఏళ్ళు సరిచెయ్యలేదు, ఈ పీట మీద కూర్చుంటే మనిషి కొంచెం ఎడమకి ఒరుగుతాడు, ఫొటోల్లో కూడా ఆయన కొంచెం ఎడమకే ఉంటాడు. థిన్నరు వాసన తలకి పడుతోంది, కానీ లేవబుద్ధి కాదు, ఇది ఆయన చొక్కా వాసన. చెప్పు మీద ఏదో పడింది. ఆకుపచ్చ చుక్క. ఊచ ఎత్తేటప్పుడు నాలుగోది నేల మీద పడబోయి చెప్పు మీద పడినట్టుంది, బొటనవేలికి అంగుళం దూరం, తప్పింది, గోటి మీద పడి ఉంటే ఇక వదిలేది కాదు, థిన్నరుతో రుద్దినా గోటి అంచుల్లో ఉండిపోతుంది. మేస్త్రికి ఉండిపోయింది కదా. కుడికాలి బొటనవేలు. గోరంతా ఆకుపచ్చ. అయిదునెలలు, గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతూ, చివరికి ఆ పచ్చ చంద్రవంకను కత్తిరించి అరచేతిలో పెట్టుకుని, పోయిందే అని నాకు చూపించాడు, ఏదో సొంత మనిషి ప్రయాణమైపోయినట్టు. ఎప్పుడు పడింది అది, ఏ పనిలో పడింది, అయిదోరోజు, కుదిరిన రోజు, కుదిరిందన్న సంబరంలో ఊచ విదిలించాడు, చుక్క కాలి మీద పడింది. జడ్జిగారు అప్పుడే గుమ్మంలోకి వచ్చింది, వంగి చూసింది. ఏం నాన్నా, గోళ్ళ రంగు వేసుకున్నావు, ఒక్క గోటికేనా, మిగతా తొమ్మిదీ ఏం పాపం చేశాయి, అంది. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

ఆకుపచ్చ. అది ఆకుపచ్చే. పసుపు కాదు, నేను పుట్టించుకోవడం లేదు, ఆ గోరు నా కళ్ళ ముందు ఉంది, చంద్రవంక ఆయన అరచేతిలో ఉంది. ఆయన నోటితో చెప్పనిది కాలితో చెప్పి పోయాడు. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఒక్కసారి ఊపిరి వదిలాను, పొద్దుటినుంచి ఎంత ఊపిరి దాచుకున్నానో అప్పుడు తెలిసింది. చేతికి తెలుసు, నాకంటే ముందు చేతికి తెలుసు. అయినా ఇది సగమే. రంగు గుర్తుంటే సరిపోయిందా, గురువారం సంగతేమిటి, ఎనిమిదేళ్ళ కిందటి గోరు గుర్తుండి మొన్నటి దిమ్మె గుర్తులేకపోవడమే కదా అసలు జబ్బు, అమ్మ కూడా తన పెళ్ళినాటి చెప్పుల రంగు చెప్పేది. గోళ్ళ రంగు. పిల్ల ఆ రోజు అన్న మాట నేను ఈ మధ్యనే మళ్ళీ అన్నాను. ఎక్కడ అన్నాను. స్నానాలగదిలో, పళ్ళు తోముకునే బ్రష్షుల గ్లాసు వెనక చిన్న సీసా ఉంటే, ఏమిటే ఇది, మీ నాన్న గోరు గుర్తొచ్చిందా అన్నాను. అది నవ్వలేదు. చెవులు ఎర్రబడ్డాయి. ఊరికే కొన్నానమ్మా అని సీసా తీసి జేబులో వేసుకుంది.

నేనా, ఆ చెవులు చూసి ఏవేవో ఊహించుకున్నాను. జన్మలో గోటికి రంగు వెయ్యని పిల్ల సీసా కొని దాచిపెడుతోందంటే ఎవరో ఉన్నాడు అనుకున్నాను. మూడు వారాలుగా ఆ ఎవరోని పెంచుతున్నాను, వాడికి ఓ ఉద్యోగం ఇచ్చాను, కాస్త బొజ్జ ఇచ్చాను, వాళ్ళ అమ్మకి నాతో పడనట్టు కూడా అనుకున్నాను. గోళ్ళు మాత్రం ఎప్పుడు చూసినా బోసిగానే ఉన్నాయి, అన్నం తింటున్నప్పుడు, మాడిన గిన్నె బల్ల మీద పెట్టినప్పుడు, ఎప్పుడూ. రంగేమో మరీ వింతగా ఉంది, పెళ్ళి చూపులకి ఎవరు వేసుకుంటారు అంత ముదురు నీలం. ముదురు నీలం. సీసాని వెలుతురులో తిప్పితే సన్నగా మెరిసింది, ఇసకలాగా.

లేచాను. మోకాలు పట్టేసింది, పట్టెయ్యనీ. లోపలికి వెళ్ళి కళ్ళద్దాలు తెచ్చుకున్నాను. బకెట్టు పక్కన పారేసిన నీళ్ళ కాగితం ముక్కలు మూడూ ఏరి ఎండలో పెట్టి చూశాను. జిగురు పట్టింది కాగితం తప్పుకాదు. మందంగా, ముద్దగా, నీలంగా అంటుకుని ఉంది, అందులో మెరుపులు. గుడ్డ మీద మెరుపులు. నా బొటనవేలి గీతల్లో మెరుపులు. మా మేస్త్రి బతికుండగా ఈ కారుకి మెరుపు రంగు వెయ్యమంటే అన్నవాణ్ణి గేటు దాకా తరిమేవాడు. ఇది గోళ్ళ రంగు. గీత గురువారానిది కాదు. గురువారానికి ముందే ఉంది, నేను సీసా చూసిననాటికే ఉంది, ఎవరో దాని మీద గోళ్ళ రంగు పూసి కప్పెట్టారు, నిన్న నా వేడినీళ్ళకీ తోముడుకీ ఆ పూత లేచిపోయింది. నేను గియ్యలేదు. గియ్యనిదాన్ని మర్చిపోవడం ఎలా కుదురుతుంది. నాకు గుర్తులేకపోవడం కాదు, అక్కడ గుర్తుండటానికి ఏమీ లేదు. కారుకి ఆనుకుని నిలబడి, ఆనకూడదని గుర్తొచ్చి పక్కకి జరిగి, నవ్వాను. ఏడుపు కూడా వచ్చింది. వాచరు, కుక్క, మీసం, సీసా, ఎర్రబడ్డ చెవులు, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి, నా బుర్ర దొంగలు పడని ఇల్లులాగా సర్దినట్టే ఉంది.

గంట ఎప్పుడు గడిచిందో తెలియలేదు. టేపు నెమ్మదిగా, ఏటవాలుగా లాగాను. కళ్ళు మూసుకుని వేళ్ళ వెనకవైపుతో తడిమాను, కాస్త ఎత్తుగా తగిలింది, అది రేపు పూర్తిగా గట్టిపడ్డాక పాలిషుతో దిగుతుంది. కళ్ళు తెరిచి చూస్తే గీత లేదు. పక్కకి జరిగి చూశాను, వంగి చూశాను, కళ్ళద్దాలు తీసి చూశాను, పెట్టుకుని చూశాను. కొండ మీద వానకి ముందు నీలం, ఎనిమిదేళ్ళు ఎండ తిన్న నీలం, పైనుంచి కింద దాకా ఒకటే. నలుపు ఆరే సరి. మేస్త్రి ఉంటే ఏడు వేసేవాడు, అతుకు పడేది, నేను చెప్పానా అనేదాన్ని. పాత దుప్పటి ఒకటి తెచ్చి కారు మొత్తానికి ముసుగు వేశాను, కొత్త పూతకి తగలకుండా ఆ తలుపు దగ్గర మటుకు ఒక కుర్చీ అడ్డంపెట్టి దుప్పటి ఎడంగా నిలబెట్టాను, కుడివైపు కూడా ఒక కుర్చీ పెట్టాను, రెండు పక్కలా ఒకేలా ఉండాలి కదా. అప్పుడు వెళ్ళి పీట మీద కూర్చున్నాను.

జడ్జిగారు సంచి భుజానే ఉండగా షెడ్డు గుమ్మంలో ఆగింది. బకెట్టు చూసింది, డబ్బాలు చూసింది, ముసుగు చూసింది.

"ఏంటమ్మా ఇదంతా?"

"కారుకి గీత పడిందే."

అంతే అన్నాను. ఏ తలుపుకో చెప్పలేదు, ఎంత పొడుగో చెప్పలేదు. అది నా మొహం వంక చూడలేదు. సంచి కింద పెట్టి, కుడివైపు వంక కూడా చూడకుండా, తిన్నగా ఎడమవైపు వెళ్ళి, కుర్చీ జరిపి, వెనక తలుపు దగ్గర దుప్పటి ఎత్తింది. వంగింది. ఇంకా వంగింది. వేలితో వెతికింది.

"ఎక్కడ?"

"అది నువ్వే చెప్పాలి."

దుప్పటి చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. చెవులు ఎర్రబడ్డాయి. ఎంత పెద్దయినా ఈ పిల్ల చెవులు అబద్ధం ఆడలేవు.

"మూడు వారాలైందమ్మా. రివర్సు చేస్తుంటే గేటు స్తంభానికి..." దుప్పటి అంచు మడతపెట్టింది. "నాన్న వేసిన రంగు కదా. ఇంకెవరూ కలపలేరు కదా. నీ మొహం చూడలేక... ఆ రంగు కోసం నాలుగు షాపులు తిరిగాను."

"గోళ్ళ రంగుకి నాలుగు షాపులా?"

"మెరుపు లేనిది దొరకలేదు."

దాని చెయ్యి పట్టుకుని గోళ్ళు చూశాను, బోసి గోళ్ళు, మందు బిళ్ళల పొడి. ఎవరో ఉన్నాడనుకున్నానే, కాస్త బొజ్జ ఉన్నవాడు, అని చెబుదామనుకున్నాను గాని నోరు వేరే మాట అనేసింది.

"నేను గీశాననుకున్నానే. గీసి మర్చిపోయాననుకున్నాను. మీ అమ్మమ్మలాగా. పొద్దుటినుంచీ."

దానికి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది, అర్థమైంది కాబోలు నేల మీద నీలం నీళ్ళు ఉన్నా చూసుకోకుండా నా కాళ్ళ దగ్గర చతికిలబడింది. నా మోకాలి మీద తల పెట్టింది. ఎన్నేళ్ళయిందో ఆ తల అక్కడికి వచ్చి.

"ఒక్క మాట అడగొచ్చు కదమ్మా."

"నువ్వూ ఒక్క మాట చెప్పొచ్చు కదా."

నాకు బెంగ మొత్తం పోయిందని చెప్పను, పాలు మాడింది నిజమే, మూడు వారాలు ఎదురుగా ఉన్న గోళ్ళ రంగు నా కంటికి ఆనకపోవడం నిజమే. ఆ మాటే అంటే, అది బుర్ర కాదమ్మా, కళ్ళు, అద్దాలు మార్చి ఎన్నేళ్ళయింది నువ్వు అంది. అయిదేళ్ళు అన్నాను, వెంటనే, తడుముకోకుండా. అలా వెంటనే చెప్పగలిగినందుకు ఎంత సంతోషమేసిందో, అడిగింది తనే అయినా దానికేం తెలుసు.

తర్వాత అది లేచి, తడిసిన బట్టలు దులుపుకుని, తలుపు దగ్గరికి మళ్ళీ వెళ్ళి చాలాసేపు చూసింది. ఎలా కలిపావమ్మా అంది. చెబుతాను రాసుకో అన్నాను. మేస్త్రి బద్ధకం, పక్క షెడ్డువాడు, అవన్నీ ఇక చాలు. సంచిలోంచి పెన్ను తీసి, కాగితం వెతకబోతే వద్దని చెప్పి గోడ చూపించాను, డబ్బాలు బోర్లించిన అర పైన, తెల్ల సున్నం మీద. నేను చెబుతుంటే రాసింది. నీలం గిన్నెడు. నలుపు ఏడు, పక్కన ఇప్పటికి ఆరు అని రాయమన్నాను, వచ్చే ఏడాది చూసుకుని ఇంకోటి తగ్గించాలి. పచ్చ మూడు. ఎరుపు ఒకటి, అది కనబడటానికి కాదు.

"అయిందా?"

"అయింది."

లేచి దగ్గరికి వెళ్ళి, కళ్ళద్దాలు సర్దుకుని, మొదటినుంచి చివరిదాకా చదివాను. మూడో వరుస దగ్గర వేలు పెట్టాను.

"పచ్చకి ముందు ఆకు అని చేర్చు," అన్నాను. "నాకు గుర్తుంది. నీకోసం."